చలిలో కారు ఏసీ ఎలా వాడాలి: మసక అద్దం నుంచి గ్యాస్ బేరం దాకా

పోయిన డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక పెండ్లికి పోవాల్సి వచ్చి తెల్లవారుజామున నాలుగున్నరకు హనుమకొండలో బయలుదేరాం. కారులో ఐదుగురం. కాజీపేట దాటి మడికొండ వచ్చేసరికి ముందద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. పక్క సీట్లో కూర్చున్న మా పెద్దబాపు భుజం మీది తువ్వాల తీసి తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన చోట అర నిమిషం రోడ్డు కనిపిస్తుంది, మళ్లీ మసక. నేను ఏసీ బటన్ మీద వేలు పెట్టగానే "ఈ సలిల ఏసీ ఏందిరా, పిల్లలకు సర్ది పట్టియ్యనీకా?" అని కసిరాడు. ఏసీ వేసి, పక్కనే ఉన్న నాబ్‌ను వేడి వైపు తిప్పాను. అద్దం కింది అంచున, డాష్‌బోర్డ్ వెంట్ల దగ్గర రెండు విసనకర్రల ఆకారంలో మసక విడిపోవడం మొదలైంది. ఆ రెండూ మెల్లగా పైకి పాకి మధ్యలో కలిశాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పెద్దబాపు తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నాడు గానీ మాటైతే వెనక్కి తీసుకోలేదు.

మన దగ్గర చాలామంది దీపావళి పోగానే ఏసీ బటన్ మర్చిపోయి మళ్లీ శివరాత్రి తర్వాతే ముట్టుకుంటారు. ఏసీ, హీటర్ రెండూ ఒకేసారి వేయొచ్చన్న సంగతి కారు కొని ఐదారేళ్లయినా తెలియనివాళ్లు ఉన్నారు. నాకూ మొదటి మూడేళ్లు తెలియదు.

లోపల జరిగేది ఇది. డాష్‌బోర్డ్ వెనకాల ఏసీ కూలింగ్ కాయిల్ ఉంటుంది. ఏసీ నడుస్తున్నప్పుడు అది దాదాపు 3 నుంచి 5 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. ఫ్యాన్ తోసే గాలి ముందు ఆ కాయిల్ గుండా పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే గాలిలోని తేమ ఆ కాయిల్‌కు పట్టి, నీరై, పైపు గుండా కారు కిందకు కారిపోతుంది. ఎండాకాలంలో బండి ఆపిన చోట మడుగు కడుతుందే, ఆ నీళ్లే. తేమ వదిలించుకున్న గాలి తర్వాత హీటర్ కాయిల్ మీదుగా రావచ్చు. ఆ కాయిల్‌లో తిరిగేది ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలంట్, ఇంజిన్ వేడెక్కాక అది సుమారు 90 డిగ్రీలు ఉంటుంది. అంటే ఏసీ గాలిని ఆరబెడుతుంది, హీటర్ దాన్ని వేడి చేస్తుంది. పొడిగా, వెచ్చగా వచ్చే ఆ గాలి అద్దానికి తగిలితే మసక నిలవదు. చలిలో ఏసీతో మనకు పని ఆరబెట్టడమే. ఇది గుర్తుంటే కింద చెప్పేవి బట్టీ పట్టనక్కర్లేదు.

ముందు వేలితో చూడండి

అద్దం మసకగా ఉంటే ఏ బటన్ నొక్కకముందే లోపలి నుంచి వేలితో ఒక గీత గీయండి. గీత పడితే తేమ లోపల ఉంది. పడకపోతే బయట ఉంది.

బయటి మంచైతే వైపర్ రెండుసార్లు తిప్పితే సరి. చెరువుల పక్క రోడ్లలో, వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గరో పాకాల దారిలోనో, తెల్లవారుజామున ఇది మామూలే. రాత్రంతా ఆరుబయట నిలబెట్టిన బండి అద్దం మీద వేడినీళ్లు మాత్రం పోయకండి. చల్లటి గాజు మీద ఒక్కసారిగా వేడి తగిలితే, ఎక్కడో రాయి తగిలిన చిన్న చుక్క ఉన్నా, అది అడ్డంగా చీలుతుంది.

లోపలి తేమ మనం తెచ్చుకున్నదే. ఐదుగురు మనుషుల ఊపిరి, తడి చెప్పులు, కాళ్ల కింది తడి మ్యాట్లు, వెనక సీట్లో పెట్టిన పూల బుట్ట, అన్నీ కలిసి చల్లటి గాజు మీద వాలతాయి. వానాకాలంలో కథ తిరగబడుతుంది. బయట ఉక్కపోత, లోపల ఏసీతో గాజు చల్లబడి ఉంటుంది కాబట్టి మసక బయటి వైపు పడుతుంది. అప్పుడు ఏసీ చల్లదనం తగ్గించి, గాలిని అద్దం మీద నుంచి మళ్లించి, వైపర్ వేయాలి. ఈ రెండు కాలాల తేడా తెలియకే చాలామంది జూలైలో పనిచేసిన మందును జనవరిలో వాడుతుంటారు.

పొద్దున బండి తీసేటప్పుడు

ముందు రోజు సాయంత్రమే లోపలి అద్దం తుడిచి పెట్టుకోండి. ప్లాస్టిక్ డాష్‌బోర్డ్ ఎండకు కాగి వదిలే పొర, చేతి జిడ్డు, పొగ తాగేవాళ్లుంటే ఆ పొగ, అన్నీ గాజు మీద కనిపించని పూతలా పేరుకుంటాయి. తేమ పట్టుకోవడానికి ఆ పూత ఉంటే చాలు. తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే మర్నాడు సగం తేడా మీకే తెలుస్తుంది. పాత దినపత్రిక కాగితమూ బాగానే పనిచేస్తుంది.

ఇంజిన్ స్టార్ట్ చేశాక గాలి దిశను ముందద్దం బొమ్మ మీదికి తిప్పండి. ఏసీ వేయండి. ఫ్యాన్ మూడో నంబర్‌లో పెట్టండి. టెంపరేచర్ నాబ్‌ను సగానికి పైగా ఎరుపు వైపు తిప్పండి. ఇక అసలు బటన్: కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉంటుంది, అదే రీసర్క్యులేషన్. దాని లైటు ఆరిపోయి ఉండాలి. వెలుగుతుంటే కారులోని గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది, మీ ఊపిరి తడి బయటికి పోదు.

ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ముందద్దం బటన్ ఒక్కటి నొక్కితే చాలావాటిలో ఇవన్నీ దానంతటదే చేస్తుంది. ఏసీ లైటు దానంతటదే వెలిగితే కంగారుపడి ఆపకండి, దానికి తెలిసే వేసింది.

మొదటి ఐదారు నిమిషాలు వేడి రాదు. ఇంజిన్ వేడెక్కితేనే హీటర్‌కు వేడి అందుతుంది. డీజిల్ బండ్లు ఇంకా నెమ్మది. ఆ కాసేపు అద్దాన్ని ఆరబెట్టే పనంతా ఏసీదే. చలేస్తుంది, శాలువా కప్పుకోండి. బండిని ఇంటి ముందు పదిహేను నిమిషాలు ఉత్తగా తిప్పుతూ వేడెక్కించే అలవాటు డీజిల్ దండగ. నెమ్మదిగా నడిపితేనే ఇంజిన్ తొందరగా వేడెక్కుతుంది.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఇద్దరే ఉంటే, బయటి గాలి తీసుకుంటూ ఒట్టి హీటర్‌తోనూ నడిపించవచ్చు. బయటి గాలిని వేడి చేస్తేనే అది చాలావరకు పొడిబారుతుంది. నలుగురైదుగురు ఉన్నప్పుడు, పొగమంచు దట్టంగా ఉన్నప్పుడు మాత్రం నేను ఏసీ తీయను.

వెనకద్దానికి గీతల హీటర్ ఉంటే అది వేసి ఐదు పది నిమిషాల్లో ఆపేయండి. తుడవాల్సి వస్తే గీతలు పోయే దిక్కుకే, అడ్డంగా తుడవండి. నిలువుగా గీకితే గీత తెగి ఆ వరుస పనిచేయదు. మీ మోడల్‌లో అది లేకపోతే వెనక కిటికీ ఒక వేలెడు దించడమే దారి.

ఏసీని మాటిమాటికీ ఆపకండి

చాలామందికి తెలియక ప్రమాదం తెచ్చుకునేది ఇక్కడే. అద్దం క్లియర్ అయింది, చలేస్తోంది, ఏసీ ఆపేస్తారు. పది సెకన్లలో ముందద్దం మొత్తం ఒక్కసారిగా తెల్లబడుతుంది. ఇంతసేపూ కాయిల్‌కు పట్టిన నీరు, చల్లదనం పోగానే మళ్లీ ఆవిరై, ఫ్యాన్ గాలితో కలిసి నేరుగా అద్దం మీదికే వస్తుంది. రోడ్డు మీద 80 వేగంతో పోతున్నప్పుడు ఇది జరిగితే గుండె ఆగినంత పని. వేడి కావాలంటే నాబ్ ఇంకా ఎరుపు వైపు తిప్పండి, ఏసీని ముట్టుకోకండి. ఆపక తప్పకపోతే గాలిని ముందు కాళ్ల వైపు మళ్లించి, ఆ తర్వాతే ఆపండి.

వరంగల్‌లో ఇంకో చిక్కుంది. జనవరి నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాల రాక మొదలవుతుంది. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద పోతుంటే ఘాటుకు ముక్కులు మండి, దగ్గు ఆగదు. వెంటనే ఎవరైనా రీసర్క్యులేషన్ నొక్కుతారు. నేనూ నొక్కుతాను, తప్పులేదు. మార్కెట్ దాటాక దాన్ని తీయడం మర్చిపోవడమే తప్పు. ములుగు రోడ్డు ఎక్కేలోపు పక్కద్దాలు మసకబారుతుంటే మీరు మర్చిపోయారని అర్థం. మిర్చి సీజన్ అయిపోయాక ఏసీ ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి. చాలా కార్లలో అది డాష్‌బోర్డ్‌లోని సామాన్ల పెట్టె వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. పత్తి నూగు, మిర్చి దుమ్ము కలిసి దళసరి గుడ్డలా అట్టకట్టి వస్తుంది. అది మూసుకుపోయిన బండిలో ఫ్యాన్ నాలుగులో పెట్టినా అద్దానికి గాలి చేరదు.

చలిలో ఏసీ చప్పుళ్లు

ఎండాకాలంలో ఏసీ వేయగానే బోనెట్ కింద "టక్" మని చప్పుడు వచ్చి, ఇంజిన్ కొంచెం బరువెక్కినట్టు తెలుస్తుంది కదా. చలిలో ఆ టక్ వచ్చిన కాసేపటికే ఇంకో టక్ వచ్చి, ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ ఆగిపోతుంది. మళ్లీ కొంతసేపటికి వేసుకుంటుంది. ఇది రిపేరు కాదు. కాయిల్ మరీ చల్లబడితే దాని మీది నీరు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. అందుకే కాయిల్ దగ్గర ఉన్న సెన్సర్ ముందే కంప్రెసర్‌ను ఆపిస్తుంది. వచ్చే గాలే చల్లగా ఉంది కాబట్టి చలికాలంలో ఆ హద్దు తొందరగా వస్తుంది. కంప్రెసర్ ఇలా ఎక్కువసేపు ఆగే ఉంటుంది కనుక చలికాలంలో ఏసీ వేసినా బండి ఎండాకాలమంత ఇంధనం తాగదు. కొత్త కార్లు కొన్నింటిలో కంప్రెసర్ తన పనిని తానే తగ్గించుకుంటుంది, అసలు టక్ అన్న చప్పుడే ఉండదు.

కారు కింద నీళ్లు కారకపోవడం కూడా చలికాలంలో మామూలే. మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటే తీయడానికి తేమే ఉండదు.

వరంగల్‌లో తెల్లవారుజామున 12, 13 డిగ్రీల దాకా దిగుతుంది, ఏసీకి అది ఏమంత చలి కాదు. ఆదిలాబాద్, తిర్యాణి, సిర్పూర్ వైపు పోయేవాళ్లకు సంగతి వేరు. అక్కడ సింగిల్ డిజిట్ మామూలు, కొన్ని రోజులు 5 డిగ్రీల దరిదాపులకు పోతుంది. చాలా కార్లలో బయటి వేడిని చూసే సెన్సర్ ముందు బంపర్ దగ్గర ఉంటుంది. బయట గడ్డకట్టే చలికి దగ్గరపడితే కొన్ని మోడళ్లు ఏసీ లైటు వెలుగుతున్నా కంప్రెసర్‌ను వేయనివ్వవు. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఏసీ లైటు ఉండి టక్ రాకపోతే బటన్‌తో కుస్తీ పట్టకండి. అంత చల్లటి గాలిలో తేమ ఎట్లాగూ తక్కువ. బయటి గాలి, నిండా వేడి, ఫ్యాన్ మూడు పెడితే అద్దం ఆరుతుంది.

చలికాలంలో గ్యాస్ పట్టించే ముందు

ఒక జనవరి పొద్దున సర్వీసింగ్‌కు పోతే కుర్రాడు గేజ్ పెట్టి చూసి, "గ్యాస్ సగం పోయిందన్నా, పట్టియ్యమంటవా?" అన్నాడు. నేను పట్టించాను. మే నెలలో రామగుండం పోతే, బయట 44 డిగ్రీల ఎండలో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఏసీ కట్ అవడం మొదలైంది. ఎక్కువైన గ్యాస్ తీయించడానికి ఇంకోచోట మళ్లీ డబ్బులు పెట్టాను.

గేజ్ అబద్ధం చెప్పలేదు, చదివిన తీరే తప్పు. పాత కార్లలో ఎక్కువగా ఉండే 134ఎ గ్యాస్ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12 డిగ్రీల చలిలో దాదాపు 50 పిఎస్‌ఐ ఒత్తిడి చూపిస్తుంది. అదే గ్యాస్, అంతే గ్యాస్, 30 డిగ్రీల దగ్గర 95 దాటుతుంది, 40 దగ్గర 130 దాటుతుంది. లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంత కాలం ఆ అంకె బయటి వేడిని బట్టే మారుతుంది, గ్యాస్ ఎంత ఉందో చెప్పదు. ఎండాకాలపు అంకెను మనసులో పెట్టుకుని చలికాలంలో గేజ్ చూస్తే ప్రతి బండీ సగం ఖాళీగానే కనిపిస్తుంది.

కాబట్టి అనుమానం ఉంటే పరీక్ష మధ్యాహ్నం చేయండి. డిసెంబర్‌లోనూ మనకు మధ్యాహ్నం 28, 30 డిగ్రీలు వస్తుంది. బండిని ఎండలో ఉంచి, నాబ్ పూర్తిగా నీలం వైపు, గాలి ముఖం మీదికి, రీసర్క్యులేషన్ వేసి పది నిమిషాలు నడపండి. వెంట్ దగ్గర వేళ్లు జిల్లుమంటే గ్యాస్ జోలికి పోకండి. జిల్లుమనకపోతే మెకానిక్‌ను రెండు మాటలు అడగండి. లీకేజీ ఎక్కడుందో చూశావా? గ్యాస్ తూకం వేసి పడతావా? పెట్రోల్‌లా గ్యాస్ ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఎన్ని గ్రాములు పట్టాలో, ఏ రకం పట్టాలో బోనెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. కొత్త కార్లు కొన్నింటిలో 1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది, ఒకదాంట్లో ఇంకొకటి కలపకూడదు. తూకం మిషన్ లేదంటే ఇంకో షాపు చూసుకోవడమే మంచిది.

వారానికోసారి పది నిమిషాలు

ఏసీ అవసరమే రాకపోయినా వారానికోసారి, మధ్యాహ్నం పూట, పది నిమిషాలు నడపండి. కంప్రెసర్‌కు ఆయిల్ గ్యాస్‌తో కలిసి తిరుగుతూనే అందుతుంది. మూడు నెలలు కదలకపోతే లోపలి సీళ్లు ఎండిపోయి, మెల్లగా గ్యాస్ కారవచ్చు. మార్చిలో ఏసీ షాపుల ముందు కట్టే వరుసలో ఇలాంటి బండ్లు కొన్ని తప్పకుండా ఉంటాయి.

ముక్కిపోయిన వాసన వస్తుంటే కాయిల్ తడిగా ఉండిపోయి బూజు పట్టినట్టు. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి ఒట్టి ఫ్యాన్ తిప్పితే కాయిల్ ఆరుతుంది. ఇప్పుడే కదా ఏసీ ఆపితే అద్దం మసకబారుతుందన్నావు అంటారేమో. నిజమే. అందుకే ఈ పని పగలు, ఎండలో, గాలిని ముఖం మీదికి పెట్టుకుని చేయాలి. తెల్లవారుజామున పొగమంచులో కాదు.

హీటర్ మొరాయిస్తే

ఇంజిన్ వేడెక్కినా వెంట్లలో చల్లగాలే వస్తుంటే ముందు కూలంట్ తగ్గిందేమో చూడండి. పూర్తిగా చల్లారిన బండిలోనే చూడండి, వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే కూలంట్ ముఖాన చిమ్ముతుంది. కూలంట్ సరిగ్గానే ఉండి, టెంపరేచర్ ముల్లు ఎంతసేపటికీ పైకి లేవకపోతే కూలంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో మెకానిక్ చూస్తాడు. కారులో తియ్యటి వాసన వచ్చి, అద్దం మీద ఎంత తుడిచినా పోని జిడ్డు మసక పడుతుంటే హీటర్ కాయిల్ కారుతున్నట్టు. ఆ మసకకు ఏసీ పనిచేయదు, బండి షాపుకు పోవాల్సిందే.

ఎలక్ట్రిక్ కార్లకు ఇంజిన్ వేడి ఉండదు, వెచ్చదనమంతా బ్యాటరీ నుంచే రావాలి. ఆదిలాబాద్ లాంటి దూరాలు పోయేవాళ్లు చార్జింగ్ వైరు పెట్టి ఉన్నప్పుడే కారును వెచ్చబెట్టుకుంటే దారిలో కిలోమీటర్లు మిగులుతాయి.

జాతర రాత్రి

మేడారం జాతర మాఘమాసపు చలిలో వస్తుంది, రాత్రిళ్లు చాలామంది కార్లలోనే పడుకుంటారు. అద్దాలన్నీ ఎక్కించి, ఇంజిన్ నడుపుతూ, హీటరో ఏసీనో వేసుకుని నిద్రపోకండి. సైలెన్సర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, రంగు లేదు. బండ్లు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టే చోట పక్క బండి పొగ కూడా మీ ఫ్యాన్ లోపలికి లాగుతుంది. ఇంజిన్ పూర్తిగా ఆపి, ఎదురెదురుగా రెండు కిటికీలు రెండు వేళ్ల సందు దించి, మంచి రగ్గు కప్పుకుని పడుకోండి. పొద్దున లేచేసరికి అద్దాలన్నీ లోపల నుంచి తడిసి కారుతుంటాయి. ముందు తలుపులన్నీ తెరిచి పెట్టి, ఒక పొడి గుడ్డతో పెద్ద తడి తుడిచి, తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి.